చివరి దెబ్బ ఎవరిది?

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది. దాని ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. వల పట్టే బెస్తవాళ్లకు ఆ వరసలో తరతరాలుగా ఒక చోటుంది. ఆ పండగ రోజుల్లోనే మా వీధుల్లో పులివేషాలు, కర్రసాము, గరిడీ విద్యలు చూసేవాళ్లం. కర్ర తిప్పే కుర్రాడు పగలంతా ఎక్కడో మూటలు మోసేవాడో, మిల్లులో పనిచేసేవాడో అయివుండేవాడు. కర్ర చేతికొచ్చిన ఆ కాసేపూ వీధంతా అతన్నే చూసేది.

సినిమా హాల్లో నేను మొదటిసారి చైనా వాళ్ల కొట్లాట చూసినప్పుడు గుర్తొచ్చింది ఆ కుర్రాడే. తెర మీద కొడుతున్నవాడు కూడా ఐసు ఫ్యాక్టరీలో కూలీ. మాటలు అర్థం కాలేదు, ఆ దేహం అర్థమైంది. కొన్నాళ్లకే మా సందులో పిల్లలందరూ రెండు కర్రముక్కలకు సైకిల్ చైను కట్టి నంచాకులు చేసేశారు.

ఈ అనుభవం మా ఒక్క ఊరిది కాదు. తెలుగు సినిమాను లోతుగా చదివిన ఎస్.వి. శ్రీనివాస్, హాంకాంగ్ యాక్షన్ సినిమాలు ఆంధ్రదేశపు చిన్న ఊళ్ల హాళ్లలో ఎలా తిరిగాయో, తెలుగు మాస్ హీరోకూ వాటికీ ఉన్న బంధం ఏమిటో ప్రత్యేకంగా పరిశోధించి రాశారు. కలకత్తాలో పుట్టిన చరిత్రకారుడు విజయ్ ప్రషాద్ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఇంకో కోణం చూపించారు. ఆసియా వాళ్లనూ నల్లజాతి వాళ్లనూ ఒక దగ్గరికి తెచ్చిన సూత్రాల్లో కుంగ్‌ఫూ ఒకటని ఆయన వాదన. ఈ సినిమాలు అణగారినవాళ్లకు గొంతు ఇచ్చాయని ఒక వర్గం అంటుంది. చైనా జాతి గర్వాన్ని ఊదిపెంచి, మిగతా వాళ్లను బొమ్మల్లా నిలబెట్టాయని మరో వర్గం అంటుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఏ సినిమాలో ఎంత నిజం ఉందో తేల్చడానికి నేను ఒక చిన్న కొలత వాడుతాను. ఆఖరి పోరులో చివరి దెబ్బ ఎవరు కొడతారు? అక్కడికి చేరకముందే ఎవరు చచ్చిపోతారు? కొట్లాట సినిమాలో గౌరవం పంచేది ఆ ఘట్టంలోనే. మిగతా రెండు గంటల్లో ఎవరికి ఎన్ని మంచి మాటలు ఇచ్చినా ఆ లెక్క మారదు.

ముందు భాష సంగతి చెప్పాలి. మన ప్రాంతం వాళ్లకు ఇది బాగా తగిలే విషయం. ఈ సినిమాల్లో వీరులుగా కనిపించేవాళ్లలో చాలామంది దక్షిణ చైనా వాళ్లు. వాంగ్ ఫే హుంగ్ ఫోషన్ పట్నం మనిషి. 1847లో పుట్టి 1925లో పోయిన వైద్యుడు, హుంగ్ గార్ పిడికిలి విద్యకు గురువు. ఆయన శిష్యుల్లో పేరుపడ్డ లామ్ సాయ్ వింగ్ పందిమాంసం కొట్టే కసాయి. 1949లో వాంగ్ ఫే హుంగ్ మీద మొదటి సినిమా వచ్చింది. క్వాన్ తక్ హింగ్ అనే నటుడు అప్పటి నుంచి డెబ్బైకి పైగా సినిమాల్లో ఆ ఒక్క వేషమే వేశాడు. 1956 ఒక్క ఏడాదిలోనే పాతిక సినిమాలు వచ్చాయి. అవన్నీ కాంటనీస్‌లో, ఆ వీరుడు నిజంగా మాట్లాడిన భాషలో తీసినవి. సింహనాట్యం, కర్ర పట్టే తీరు, గురువుకు టీ ఇచ్చే పద్ధతి కూడా అందులోకి ఎక్కాయి. ఒక ప్రాంతపు విద్య ఆ నలుపు తెలుపు రీళ్లలో దాక్కుని బతికింది.

తర్వాత షా బ్రదర్స్ పెద్ద స్టూడియో కట్టారు. రంగుల్లో, వెడల్పు తెర మీద, మాండరిన్‌లో సినిమాలు తీశారు. కథ దక్షిణాదిది, వీరుడు దక్షిణాదివాడు, మాట మాత్రం ఉత్తరాదిది. కాంటనీస్ సినిమా ఎంత చితికిపోయిందంటే 1972లో ఆ భాషలో దాదాపు ఒక్కటీ రాలేదు. జనం కాంటనీస్ మాట్లాడే హాంకాంగ్ నగరంలోనే ఇది జరిగింది. మరుసటి ఏడాది చోర్ యూన్ దర్శకత్వంలో 'ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్' వచ్చింది. ఇరుకు వాటాల్లో కాపురముండే బీదవాళ్ల కథ, మాటలన్నీ వీధి కాంటనీస్. ఆ ఏడాది హాంకాంగ్‌లో అది బ్రూస్ లీ 'ఎంటర్ ది డ్రాగన్' కంటే ఎక్కువ వసూలు చేసింది. తమ ఇంటి మాట తెర మీద వినడానికి జనం ఎంత ఆకలితో ఉన్నారో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

1991లో త్సుయ్ హార్క్ మళ్లీ వాంగ్ ఫే హుంగ్‌ను తెచ్చినప్పుడు ఆ వేషం బీజింగ్ వాడైన జెట్ లీకి వచ్చింది. కాంటనీస్ గొంతు వేరేవాళ్లది. 2000లో వచ్చిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'కు నాలుగు ఆస్కార్లు వచ్చాయి. చైనాలో మాత్రం చాలామంది ప్రేక్షకులు హాంకాంగ్ చౌ యున్ ఫాట్, మలేసియాలో పుట్టిన మిషెల్ యో పలికిన మాండరిన్ విని నవ్వారు. ఆ నవ్వు ఎలాంటిదో శ్రీకాకుళం వాళ్లకు, విజయనగరం వాళ్లకు నేను విప్పి చెప్పక్కర్లేదు. హైదరాబాదు బస్సులో మనం "ఏటి బావూ" అనగానే పక్క సీటువాడి పెదాల మీద కనిపించేది అదే.

ఇక ఆడవాళ్లు. కత్తి పట్టిన ఆడది చైనా సినిమాకు పుట్టుకతోనే ఉంది. 1928 నుంచి మూడేళ్లలో పద్దెనిమిది భాగాలుగా వచ్చిన 'బర్నింగ్ ఆఫ్ ది రెడ్ లోటస్ టెంపుల్' కాలంలోనే, 1929లో 'రెడ్ హీరోయిన్' వచ్చింది. 1931లో అక్కడి ప్రభుత్వం మూఢనమ్మకాలు పెంచుతున్నాయని ఈ తరహా సినిమాలను ఆపేసింది. 1966లో కింగ్ హు తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'లో చెంగ్ పే పే మగవేషంలో సత్రంలోకి వచ్చి ఒక్కతే కూర్చునే దృశ్యం ఉంది. చుట్టూ దొంగలు. ఆమె కదలదు. నేను చూసిన కొట్లాట దృశ్యాల్లో అంత నిబ్బరం ఇంకెక్కడా లేదు. చెంగ్ పే పే బాలే నేర్చుకున్న మనిషి, ఆ అడుగుల్లో అది తెలుస్తుంది.

కానీ నా కొలత పెడితే గుండె కలుక్కుమంటుంది. సగం సినిమాకే ఆమెకు విషపు బాణం తగులుతుంది. కాపాడేది ఒక తాగుబోతు వేషంలో ఉన్న గురువు. ఆఖరి పోరు ఆయనకూ దుష్టుడైన మఠాధిపతికీ మధ్య. 1968లో అదే పాత్ర పేరుతో చాంగ్ చె 'గోల్డెన్ స్వాలో' తీశాడు. పేరు ఆమెది, కథను ఎత్తుకుపోయింది జిమ్మీ వాంగ్ యూ. ఏంజెలా మావ్ 'హాప్కిడో'లో మగవాళ్లకు తీసిపోకుండా కొట్టింది. హాలీవుడ్ సొమ్ము కలిసిన 'ఎంటర్ ది డ్రాగన్'కు వచ్చేసరికి అన్న పగకు కారణంగా మిగిలే చెల్లెలై పది నిమిషాల్లో చనిపోయింది. 1985లో వచ్చిన 'యెస్, మేడమ్'లో మాత్రం ఆఖరి పోరు ఆడవాళ్ల చేతికి దక్కింది. మిషెల్ యో, సింథియా రాత్‌రాక్ ఇద్దరూ పోలీసులుగా ఆ పోరు తామే పోరాడారు.

ఈ ఒక్క విషయంలో మన తెలుగు తెర మరీ వెనకబడి లేదు. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ 'రౌడీరాణి' తీస్తే విజయలలిత గుర్రమెక్కి పగ తీర్చుకుంది. 1990లో 'కర్తవ్యం' విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది. ఆ తర్వాత మనవాళ్లు ఆ తోవను ఎందుకు వదిలేశారో మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. విజయనగరం పక్కన నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. ఇంటింటికీ బరువులెత్తే పిల్లలుండే ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఇలాంటి ఆడపిల్లల్ని కన్న గడ్డ మీద నుంచి తెలుగు తెరకు ఎన్ని బలమైన ఆడపాత్రలు వెళ్లాయో మీరే లెక్కపెట్టండి.

అంగవైకల్యం గురించి రెండు మాటలు. 1967లో 'వన్ ఆర్మ్‌డ్ స్వార్డ్స్‌మన్' హాంకాంగ్‌లో పది లక్షల డాలర్లు దాటిన మొదటి సినిమా. చెయ్యి తెగినవాడే వీరుడు. 1979లో తైవాన్ నుంచి వచ్చిన 'ది క్రిపుల్డ్ మాస్టర్స్'లో చేతులు లేని ఒక నటుడు, కాళ్లు చచ్చుబడిన ఒక నటుడు నిజంగానే నాయకులు. చూసే కళ్లలో కుతూహలం ఎక్కువ, గౌరవం తక్కువ అనే విమర్శ ఉంది, అది సబబే. అయినా చివరి దెబ్బ వాళ్లదే.

ఈ సినిమాలు సామాన్యుడికి ఇచ్చిన అసలు కానుక వేరే ఉందని నా నమ్మకం. అది నేర్చుకోవడం. లావ్ కార్ ల్యుంగ్ 1978లో తీసిన 'ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్'లో గోర్డన్ ల్యూ సినిమాలో పెద్ద భాగం పడుతూ లేస్తూనే ఉంటాడు. నీళ్ల బిందెలు మోస్తాడు, గంట కొడతాడు, తల పగలగొట్టుకుంటాడు. దర్శకుడి తండ్రి లావ్ చామ్, కసాయి లామ్ సాయ్ వింగ్ దగ్గర నేర్చుకున్నవాడు. అంటే వాంగ్ ఫే హుంగ్ నుంచి కెమెరా దాకా గురుపరంపర తెగలేదు. ఓడిపోతూ నేర్చుకునే హీరో స్థానంలో ఎవరైనా నిలబడగలరు. మన మాస్ హీరోకి ఆ అవసరం రానివ్వం. తెర మీదికి వచ్చేసరికే అతనికి అన్నీ వచ్చి ఉంటాయి. 1980ల్లో నిజంగా కరాటే నేర్చిన సుమన్, భానుచందర్‌ల కాళ్లూ చేతులూ చూసి మేం మురిసిపోయాం. 1999లో 'తమ్ముడు', 2001లో శ్రీహరి 'భద్రాచలం' సాధన చేసే కుర్రాణ్ని చూపించాయి. ఒకటి కిక్‌బాక్సింగ్, రెండోది తైక్వాండో. మన సాముగరిడీ మాత్రం ఆ తెర మీద తన పేరుతో నిలబడలేదు.

ఇప్పుడు పరాయివాళ్ల సంగతి. ఈ సినిమాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే. 1972 నాటి 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లో షాంఘై పార్కు గుమ్మం దగ్గర కుక్కలకూ చైనీయులకూ ప్రవేశం లేదన్న బోర్డు ఉంటుంది. బ్రూస్ లీ ఎగిరి దాన్ని తన్ని ముక్కలు చేస్తాడు. హాలంతా ఈలలు. ఆ గుమ్మం దగ్గర కాపలా కాస్తూ బోర్డు చూపించి అతన్ని ఆపేది ఎవరో గమనించారా? తలపాగా చుట్టుకున్న ఒక సిక్కు. మనవాడు. షాంఘైలో తెల్లవాళ్ల పోలీసు దళంలో సిక్కులు ఉన్న మాట చరిత్రే. పొట్టకూటికి దేశం దాటి, దొర ఇచ్చిన యూనిఫాం వేసుకుని, ఇంకో బానిస దేశపు మనిషిని గుమ్మం దగ్గర ఆపాల్సి వచ్చినవాడు. ఆ మనిషి మనసులో ఏముందో సినిమా ఒక్క క్షణం కూడా ఆగి చూడలేదు. కళింగపట్నం నుంచి ఓడలెక్కి బర్మా పోయిన ఉత్తరాంధ్ర కూలీల ఇళ్లలో పుట్టినవాళ్లం మనం. ఈల వేసే ముందు ఆ గుమ్మం మనిషి కేసి కూడా చూడాలి.

అదే సినిమాలో జపాన్ వాళ్లకు వాళ్ల దుస్తులే ముందు వెనకలుగా తొడిగారు. సరిచూసుకోవాలన్న పట్టింపు ఎవరికీ లేకపోయింది. షా బ్రదర్స్ సినిమాల్లో మంచూ అధికారి కనిపిస్తే దాదాపు ప్రతిసారీ అతనే దుర్మార్గుడు. 1976లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ ది ఫ్లయింగ్ గిలెటిన్'లో ఒక భారతీయ యోగి పోటీకి దిగుతాడు. అతని చేతులు రబ్బరులా సాగుతాయి. వేషం వేసింది చైనా నటుడు, ఒంటికి నల్లరంగు పూశారు. పేరున్న వీడియో గేమ్‌లో తర్వాత వచ్చిన దాల్సిమ్ అనే సాగే చేతుల యోగికి మూలం అతనే అంటారు. యోగా పుట్టిన దేశం మనిషిని వింతజంతువుగా చూపించి ప్రపంచమంతా పంచిన ఘనత ఆ సినిమాది.

నల్లజాతి వాళ్ల లెక్క ఇంకో రకం. అమెరికా నల్లజాతి పేటల్లోని హాళ్లలో ఈ సినిమాలకు నీరాజనం పట్టారు. తెల్లవాడు కాని హీరో తెల్లవాణ్ని కొట్టడం వాళ్లకు కొత్త. అది చూసే 'ఎంటర్ ది డ్రాగన్'లోకి కరాటే ఛాంపియన్ జిమ్ కెల్లీని తీసుకున్నారు. మంచి మాటలు, మంచి నడక అన్నీ అతనికే. కొలత పెట్టి చూడండి. విలన్ హాన్ చేతిలో సినిమా మధ్యలోనే చచ్చిపోతాడు. తెల్లవాడైన రోపర్ చివరిదాకా బతుకుతాడు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? బోధిధర్ముడు కంచి నుంచి వెళ్లి షావొలిన్ సన్యాసులకు పోరు నేర్పాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. చరిత్రకారులు చెప్పేదాని ప్రకారం ఆ కథకు ఆధారం పదిహేడో శతాబ్దపు ఒక చైనా పుస్తకం. మురుగదాస్ 2011లో తీసిన 'సెవెన్త్ సెన్స్' ఆ గర్వాన్ని కథ చేసింది. అందులో రోగం మోసుకొచ్చే చైనా దుర్మార్గుడి వేషం వియత్నాం నటుడిది. వాళ్లు మన యోగిని ఎలా చూశారో మనం వాళ్లను అలాగే చూశాం. రామతీర్థం గురుభక్తుల కొండ మీద, శాలిహుండం గుట్ట మీద బౌద్ధుల ఇటుకలు ఇంకా ఉన్నాయి. ఈ తీరంతో సముద్రం అవతలి దేశాలకు ఉన్న బంధం ఇంకా మంచి కథ అడుగుతుంది.

ఇప్పుడు ఇల్లు. మా గడ్డ మీద జరిగిన పెద్ద పోరు 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం. 1964లో 'బొబ్బిలి యుద్ధం', 1986లో 'తాండ్ర పాపారాయుడు' వచ్చాయి. ఎన్.టి. రామారావు, ఎస్వీ రంగారావు, కృష్ణంరాజు బొబ్బిలి వైపు నిలబడ్డారు. విజయనగరం రాజు విజయరామరాజు పగబట్టిన శత్రువు. బొబ్బిలి త్యాగం గొప్పది, అందులో నాకు పేచీ లేదు. కానీ ఆ రాజు చెల్లెలిగా మేం కొలిచే పైడితల్లమ్మ దుఃఖం మీదనే మా సిరిమాను తిరుగుతుంది. రెండు వైపులా ఏడ్చిన యుద్ధం అది. తెర మీద ఒక వైపే కన్నీళ్లు కనిపించాయి.

గురజాడ 1892లో ఇదే విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడించి వాడుక మాటకు పట్టం కట్టాడు. చాసో, రావిశాస్త్రి, కారా మాస్టారు ఈ నేల మాటతో కథకు ప్రాణం పోశారు. సాహిత్యంలో అంత గౌరవం అందుకున్న యాస సినిమాలో చాలాకాలం పనిమనిషికీ, బంట్రోతుకీ, నవ్వించడానికి వచ్చినవాడికీ మిగిలింది. హీరో ఉత్తరాంధ్రవాడైనా పుస్తకం తెలుగు మాట్లాడతాడు. షా బ్రదర్స్ వాంగ్ ఫే హుంగ్ చేత మాండరిన్ పలికించిన పని ఇదే.

ఈ మధ్య గాలి మారింది. 2020లో కరుణకుమార్ 'పలాస 1978' తీశారు. జీడిపప్పు కార్ఖానాల ఊరు, పాటకట్టే దళిత అన్నదమ్ములు, వాళ్ల నోట శ్రీకాకుళం మాట, వాళ్ల చేతిలో కత్తి. కొట్టేవాడూ మాట్లాడేవాడూ ఒక్కడే కావడం చూసి నా కళ్లు చెమర్చాయి. మన తెరకు దొరికిన '72 టెనెంట్స్' అదేనని నా తీర్పు, వసూళ్ల లెక్కలో కాకపోయినా. 2025లో వచ్చిన 'తండేల్' ఎచ్చెర్ల తీరంలోని మత్స్యలేశం జాలర్లు పాకిస్తాన్ జైల్లో పడ్డ నిజం కథను పెద్ద సినిమాగా చేసింది. నాగచైతన్య కష్టపడి యాస నేర్చుకున్నాడు, ఆ శ్రమను తీసిపారేయను. కానీ జెట్ లీ ప్రశ్న ఇక్కడా ఉంది. వల లాగే చేతులున్న మా తీరపు కుర్రాడికి ఆ వేషం ఎప్పుడు వస్తుంది?

కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నారు, ఇనుప గొలుసులు తెంపారు, సర్కస్ కంపెనీ పెట్టి దేశాలు తిరిగారు, కలియుగ భీముడనిపించుకున్నారు. 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు ఉంది. వాంగ్ ఫే హుంగ్‌కు చైనా తెర ఇచ్చిన దానిలో వందో వంతు కూడా తెలుగు తెర ఆయనకు ఇవ్వలేదు.

సినిమా తీసే మిత్రులకు నా మనవి ఒకటే. ఆయన కథ ఎత్తుకునే రోజు వస్తే ముందు వీరఘట్టం రండి, విజయనగరం వీధుల్లో తిరగండి. గరిడీ నేర్పే ముసలి గురువులు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు కర్ర పట్టే తీరు కెమెరాకు ఎక్కించండి. కుర్రాళ్లను ఇక్కడి నుంచే తీసుకోండి, ఇక్కడి మాటే మాట్లాడనివ్వండి, చివరి దెబ్బ వాళ్లనే కొట్టనివ్వండి.